మంద కట్టిన జాగా

ఈ ఏడు జున్ను రాలేదు.

ఇందులో కంగారుపడాల్సిందేముంది అనుకునేవాళ్లు నన్ను ఎరగరు. కొట్టువాడు చిల్లర సరిగ్గా ఇచ్చినా ఎందుకిచ్చాడా అని ఆలోచించే మనిషిని నేను. హాలియాలో రైసు మిల్లు గుమస్తాగా పదకొండేళ్లు పనిచేశాక ఈ గుణం ఇంకా ముదిరింది. "వీనికి దేవుడు ఎదురుంగ నిలబడ్డా ఆధార్ కార్డు అడుగుతడు" అని మా అమ్మ సావిత్రమ్మ చుట్టాల ముందే అంటుంది. అననీ. మోసపోయినవాళ్లందరూ నవ్వుతూ మోసపోయినవాళ్లే.

మాది నేతగాళ్ల ఇల్లు. మా బాపు వెంకటరాజం రామన్నపేట దగ్గరి పల్లెలో మగ్గం నేసేవాడు. కండెలు చుట్టీ చుట్టీ మిగిల్చిన దాంతో ఊరి బయట ఎకరం ఇరవై గుంటల మెట్ట చెలక కొన్నాడు. 2008లో మగ్గం ఎత్తేసి హాలియా వచ్చాం. బాపు ఒక బట్టల దుకాణంలో కుదిరాడు. చెలక చూసేవాళ్లు లేరు. ఊళ్లో గొర్రెలూ మేకలూ కాసుకునే ఎల్లేశంతో, "పడావు పడుడెందుకే, నీ మంద కట్టుకో" అన్నాడట. అంతే. కౌలు లేదు, కాగితం లేదు. ఎల్లేశం ముళ్లకంపతో దడి కట్టాడు, రేకుల గది వేసుకున్నాడు, భార్య సైదమ్మతో అక్కడే ఉండిపోయాడు.

ఏటేటా మందలో తొలి మేక ఈనగానే సైదమ్మ జున్ను వండి, స్టీలు డబ్బాలో పెట్టుకుని, రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చేది. "జాగా ఇచ్చినోళ్లు తిన్నంకనే మేం తినాలె" అనేది. నాలుగేళ్ల కిందట బాపు పోయాడు. భూమి నా పేరున ఎక్కింది. ఆ తర్వాత కూడా జున్ను ఆగలేదు. ఈ ఏడు ఆగింది.

సరిగ్గా అది రావాల్సిన వారమే దామోదర్ ఫోన్ చేశాడు. మా చెలకను ఆనుకుని ఉన్న భూమి అతనిది. పత్తి వేస్తాడు, ఊళ్లో పలుకుబడి ఉన్నవాడు.

"తమ్మీ, నీ మంచి కోరి చెప్తున్న. ఎల్లేశం కొడుకు శివకృష్ణ వకీళ్ల దగ్గర తిరుగుతాండు. పన్నెండేండ్లు ఉన్నోనిదే భూమి అంటున్నరు. నువ్వు గాడ కూసుంటే గీడ భూమి పోతది."

మాకున్నది ఆ చెలక ఒక్కటే. అందులో కొంత అమ్మి హాలియాలో రెండు గదుల ఇల్లు కట్టాలని బాపు ఉన్నప్పటి నుంచీ అనుకుంటున్నాం. పదహారేళ్లలో అయిదు కిరాయి ఇళ్లు మారాం. అమ్మ ఇప్పటికీ గోడకు మేకు కొట్టాలంటే ఇంటావిడను అడగాలి.

జున్ను ఎందుకు రాలేదో నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైందనుకున్నాను.

మర్నాడే సెలవు పెట్టి నల్లగొండ వెళ్లాను. కోర్టు ఎదుట జిరాక్సు దుకాణం పైన లాయరు శ్రీవాణి ఆఫీసు. ముప్పై అయిదేళ్లుంటాయి. నా కథంతా విని, పన్నెండేళ్ల మాటకు నవ్వింది.

"ఊరికె పన్నెండేండ్లు ఉంటే భూమి వస్తదా అండీ? ఎట్ల ఉన్నడన్నది చూస్తరు. అందరికి కనబడేటట్టు ఉండాలె. నడుమ తెగకుండ ఉండాలె. అన్నిటికంటే ముఖ్యం, అసలు హక్కుదారుకు ఎదురు తిరిగి, ఇది నీది కాదు, నాది అని ఉండాలె. మీ బాపు ఉండుమంటే ఉన్నోడు పన్నెండు కాదు, యాభై ఏండ్లు ఉన్నా ఆ భూమి ఆయనది కాదు."

"పాసుబుక్కు కూడ నా పేరు మీదనే ఉన్నది మేడం."

"మంచిదే. కానీ ఎదురు తిరిగి కూసున్నోన్ని పన్నెండేండ్ల లోపల లేపకుంటే, పాసుబుక్కు పట్టుకొని కూడ కోర్టుల చెమటలు పడతయి. సరే, మీ బాపు ఉండుమన్నట్టు సాక్ష్యం ఏమున్నది?"

"జున్ను" అన్నాను.

ఆవిడ పెన్ను ఆగిపోయింది. ఏటేటా వచ్చేదని వివరించాను. నా మాటలు నాకే వెర్రిగా వినిపించాయి. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ ప్రతి ఏడూ ఇంటిల్లిపాదీ కూర్చుని తినేశాం.

"ఒక చిన్న కాగితం రాయించుకోండి" అంది శ్రీవాణి. "రెండు వేల ఎనిమిది నుంచి మీ బాపు అనుమతితో, ఇప్పుడు మీ అనుమతితో ఉంటున్న అని ఎల్లేశం గారు సంతకం పెడ్తె చాలు. రెండు వాక్యాలు. ఇంక ఎక్కువ తెలివి పెట్టకండి."

బస్సులో కూర్చున్నాక ఆ రెండు వాక్యాలూ నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. రెండు వేల ఎనిమిది నుంచి ఉన్నాడని నా చేత్తో నేనే రాయించుకోవాలా? రేపు వాళ్లు అనుమతి సంగతి అబద్ధమని, పదహారేళ్లు మాత్రం నిజమని అంటే? ఈ లాయరమ్మ నవ్వెందుకు నవ్వింది? శివకృష్ణ తిరుగుతున్న వకీలు ఈవిడే కాదని నాకేం నమ్మకం? హాలియా చేరేసరికి ఆవిడ మీద కూడా ఒక కన్నేసి ఉంచాలని నిశ్చయించుకున్నాను.

దామోదర్‌కు ఫోన్ చేసి నా అనుమానం చెప్పాను.

"నీ బుర్రకు దండం పెట్టాలె తమ్మీ" అన్నాడు. "పదహారేండ్లు అని నీ చేతులార నువ్వే రాస్తవా? అసలు లేనే లేడని రాయిపియ్యి. రాసెటోన్ని నేను చూస్త. సాక్షి సంతకం గూడ నేనే పెడత."

అంతలా కలిసొచ్చే మనిషి ఇంకెవరున్నారు నాకు? ఆ ఆదివారమే రామన్నపేటలో దిగాను. దామోదర్ చెట్టు కింద దస్తావేజులు రాసే మనిషిని కుదిర్చి ఉంచాడు. నేను చెబుతుంటే అతడు రాశాడు. "సదరు భూమిలో నేను గాని నా కుటుంబీకులు గాని ఏనాడూ నివాసం ఉండలేదు, సాగు చేయలేదు, ఏ భాగంలోనూ ప్రవేశించలేదు, ఎట్టి పనీ చేయలేదు. ఈ ఒక్క సంవత్సరం మాత్రం నా మందను కొన్ని దినములు నిలుపుకొన్నాను." ఒక్క సందు కూడా వదల్లేదు. చదువుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

దామోదర్ కారులోనే చెలకకు వెళ్లాం. అతడు బాట మీదే ఆగాడు. నేను చొక్కా జేబులో ఫోను రికార్డింగు పెట్టుకుని, పత్తి చేను గట్టు మీదుగా లోపలికి నడిచాను.

సైదమ్మ మంచం మీద ఉంది. మోకాలి కింద నుంచి పట్టీ. నన్ను చూడగానే లేవబోయింది.

"కాలిరిగింది బిడ్డా. దవాఖానల నెల రోజులున్న. గీ ఏడు మీకు జున్ను పంపకపోతిమి. పాణం ఉసూరుమంటాంది."

కాలు విరిగినవాళ్లను చూడగానే అయ్యో అనాలి. నేను పట్టీ ఎంత పాతదా అని చూశాను. పక్కనే నిలబడ్డ శివకృష్ణ ఆటో నడుపుతాడు, మనిషి ఎదిగి వాళ్ల నాయన కంటే ఎత్తయ్యాడు. అతడి ఫోను చార్జింగు వైరుతో మంచంకోడు దగ్గర ఉంది. రికార్డింగు పెట్టుకోదలచినవాడు చార్జింగు నిండుగా ఉంచుకుంటాడు కదా అనుకున్నాను.

"వకీలు దగ్గరికి పోతున్నవంట?" అని శివకృష్ణను సూటిగా అడిగాను.

"ఆటోకు బస్సు తగిలి అమ్మ కాలిరిగింది గదన్నా. గా కేసుకు. నీకెవలు చెప్పిండ్రు?"

అంతలో ఎల్లేశం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బాపు కంటే చిన్నవాడే గాని, ఎండకు ఎండి పెద్దవాడిలా కనిపిస్తాడు.

"ఎల్లేశం మామా, ఒక కాగితం మీద సంతకం కావాలె. భూమి కాగితాలు సాఫ్ చేసుకుంటున్న."

"పెడత గని, కాగితమెటు పోతది? జర గా బాట దిక్కు మూలకు రా బిడ్డా. హద్దు కడీల సంగతి నీకొకపారి చూపియ్యాలె. దామోదర్..."

నా మాట దాటేస్తున్నాడని నాకు వెంటనే తట్టింది. పైగా నాకు మేలు చేస్తున్న మనిషి మీద చాడీ. "దామోదర్ అన్న సంగతి నాకు తెలుసు మామా. ముందు సంతకం పెట్టు" అన్నాను, కాస్త గట్టిగానే.

కాగితం శివకృష్ణ అందుకుని చదివాడు. చదువుతుంటే అతడి మెడ నరాలు ఉబ్బడం చూశాను.

"బాపూ, గిండ్ల మనం ఏనాడు ఈడ లేమని రాసిండ్రు. సంతకం పెట్టకు."

ఎల్లేశం నా మొహంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"వెంకటరాజమన్న కొడుకు రాపిచ్చిండు" అన్నాడు చివరికి. "గాయనకేదో భయమున్నది. పెడ్తె ఆయన ఫికర్ పోతదంటే పెడ్తె పాయె."

ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేశాడు. సైదమ్మ మంచం మీద నుంచే అడిగింది.

"మరి పదహారేండ్ల సంది మేం ఏడున్నట్టు బిడ్డా?"

సిరా ఆరిందా లేదా అని చూస్తున్నట్టు కాగితం మీదికి వంగాను. బయటికి వచ్చాక దామోదర్ సాక్షి సంతకం పెట్టి, ఎందుకైనా మంచిదని తనకూ ఒక జిరాక్సు తీయించుకున్నాడు. ఎంత జాగ్రత్త మనిషో అనుకున్నాను.

వాళ్లను ఖాళీ చేయమని నేను అనలేదు. పది రోజుల తర్వాత దామోదరే ఫోన్ చేసి చెప్పాడు, వెళ్లిపోయారని. "లేనోళ్లం ఈడెట్లుంటం" అని శివకృష్ణ పట్టుబట్టాడట. నందికొండ దగ్గర ఎల్లేశం చెల్లెలు హనుమమ్మ ఉంది; మందను తోలుకుని అటు పోయారట. ఆ మాట విని నాకు బాధ కలిగిందని చెబితే అబద్ధం. ఆ పూట హాయిగా రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. అమ్మ మాత్రం నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

రెండు నెలలు తిరక్కుండానే కొనేవాళ్లు వచ్చారు. బాట వెంబడి సగం వాళ్లకు, మిగతాది మాకు అని మాట కుదిరింది. సర్వేయరు గొలుసు పట్టి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. చేతిలో ఉన్న నక్షా, నేల మీద ఉన్న భూమీ కలవడం లేదన్నాడు. బాట దిక్కున పద్దెనిమిది గుంటలు దామోదర్ పాతిన రాతి కడీల లోపల ఉన్నాయి. బోరు, పత్తి చేను, నాలుగు వరసల ముళ్లతీగ. అది పోతే మిగిలిన దానికి బాట లేదు. కొనేవాళ్లు అక్కడి నుంచే కారెక్కి వెళ్లిపోయారు.

ఏదో పొరపాటు జరిగిందనుకుని దామోదర్ దగ్గరికి పరుగెత్తాను. అంత అనుమానం మనిషిని, ఆ క్షణంలో అతన్ని మాత్రం అనుమానించలేదు.

దామోదర్ వాకిట్లో కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు.

"గది నాదే తమ్మీ" అన్నాడు చల్లగా. "పద్నాలుగేండ్ల సంది నేనే దున్నుకుంటున్న. బోరు నా పేరు మీదున్నది, కరెంటు బిల్లులు దాసిపెట్టిన. ఊరంత చూసింది. మీ బాపు వచ్చి అడిగిండా? నువ్వు వచ్చి అడిగినవా? పోయిన నెలల్నే కోర్టుల కేసేసిన. నోటీసు వస్తది, ఫికర్ చెయ్యకు."

శ్రీవాణి చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అందరికీ కనబడేటట్టు. నడుమ తెగకుండా. హక్కుదారుకు ఎదురు తిరిగి. ఈ మనిషి ఎవరి అనుమతీ అడగలేదు. మా గడప ఏనాడూ తొక్కలేదు. నేను పట్టీ కట్టిన కాలును అనుమానించి, ఈయన కారులో తిరిగాను.

ఇంటికొచ్చి అమ్మ ముందు కూలబడ్డాను. అమ్మ అంతా విని అంది:

"దామోదర్ కడీలు పాతినప్పుడల్లా ఎల్లేశం ఫోన్ చేసేటోడు. పీకెయ్యి ఎల్లేశం అని మీ బాపు చెప్తుంటె నేను పక్కకే ఉన్న. పీకి, గాడనే మంద కట్టిండు."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడిగినవా? చెప్తె మాత్రం నమ్మేటోనివా?"

మరుసటి రోజు పొద్దున్నే నందికొండ బస్సెక్కాను. దారి పొడవునా ఒకటే భయం: ఎల్లేశం రానంటే? రానంటే తప్పేముంది? నేనైతే వస్తానా?

సాగర్ నీళ్లు కనిపించే గుట్ట వాలులో మందతో ఉన్నాడు. నన్ను చూసి చేతికర్ర పక్కన పెట్టి వచ్చాడు. నేను చెప్పింది విన్నాడు. నన్నొక్క మాట అన్లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"రెండు పార్లు పీకిన బిడ్డా. తెలంగాణ వచ్చిన ఏడు ఒకపారి, నోట్లు రద్దయిన మరుసటేడు ఒకపారి. ఎండకాలమంత మంద గాడనే కట్టిన. దామోదర్ మీదికి గూడ వచ్చిండు. మీ బాపు పోయినంక మల్ల పాతిండు. ఎవలికి ఫోన్ చెయ్యాల్నో నాకు తెల్వలే. గందుకే ఆ దినం నిన్ను మూలకు రమ్మన్న."

"కోర్టుల చెప్తవా మామా?"

"చెప్పకేంది? చేసిన పనే గద."

మందను హనుమమ్మకు అప్పగించి అప్పుడే నాతో బయల్దేరాడు. శివకృష్ణ తన ఆటోలో మమ్మల్ని బస్టాండు దాకా దింపాడు గాని నా వైపు చూడలేదు.

శ్రీవాణి ఎల్లేశం చెప్పిందంతా ఉత్సాహంగా రాసుకుంది. ఏ నెల, ఎవరు చూశారు, మంద ఎన్నాళ్లు కట్టాడు, అన్నీ అడిగింది. "నడుమ రెండుసార్లు తెగింది. ఇంక దామోదర్‌కు పన్నెండేండ్లు ఎక్కడివి?" అంది. నాకు ఊపిరి వచ్చింది. అప్పుడావిడ దామోదర్ కోర్టులో వేసిన కాగితాల కట్ట తిరగేసింది. ఒక జిరాక్సు దగ్గర ఆగిపోయింది. దాన్ని పైకి చదివింది. ఏనాడూ నివాసం ఉండలేదు. ఏ భాగంలోనూ ప్రవేశించలేదు. ఎట్టి పనీ చేయలేదు.

"ఇది ఎవరు రాయించిన్రు?"

"నేనే" అన్నాను.

"నేను చెప్పింది రెండు వాక్యాలు."

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"శ్రవణ్‌కుమార్ గారూ, మీ అనుమతితో ఎల్లేశం గారు ఉన్నన్ని దినాలు, చట్టం ముందట ఆ భూమి మీద ఉన్నది మీరే. ఆయన కడీ పీకితే మీరు పీకినట్టే. ఆయన మంద కడ్తె మీ స్వాధీనం నిలిచినట్టే. ఆయన ఏనాడు లేడని రాయిచ్చిన్రంటే, మీరే లేరని రాయిచ్చుకున్నరు. ఇప్పుడు ఈయన బోనెక్కి ఏం చెప్పినా, ఇదే సంతకం ముందట పెట్టి అడుగుతరు."

"ఇంకేం దారి లేదా మేడం?"

"ఈ కాగితం అబద్ధమని జడ్జి ముందట ఎవరన్న ఒప్పుకోవాలె. ఎవరు, ఎందుకు రాయించిన్రో చెప్పాలె. అబద్ధం రాయించినోల్ల మీద కేసు కూడ కావొచ్చు."

నేను రాయించాను అని జడ్జి ముందు చెప్పాల్సింది నేనే. మిల్లు ఉద్యోగం కళ్ల ముందు తిరిగింది.

"నేను ఒప్పుకుంటనమ్మా" అన్నాడు ఎల్లేశం. "సంతకం నాది గద. అబద్ధం ఆడింది నేనే అంట. శ్రవణ్ బిడ్డకు ఏం తెల్వదని చెప్త."

"మిమ్మల్ని లోపల వేస్తే?"

"ఏస్తె ఏసిండ్రు. వెంకటరాజమన్న జాగా పోవద్దు."

శ్రీవాణి నా వైపు చూసింది. నేను వద్దంటానేమోనని చూస్తోందని తెలుసు. తల వంచుకున్నాను. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది. అంత సిగ్గులోనూ, ఈ ముసలాయన ఇదంతా ఏం ఆశించి చేస్తున్నాడో అని నా బుర్ర వెతుకుతూనే ఉంది.